చీమకి ఫ్లాష్‌బ్యాక్ ఎందుకు?

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు. ఆరు ఎండాయి, ఏడోది ఎండలేదు. గడ్డిమేటు అడ్డమొచ్చిందని చేప, ఆవు మేయలేదని గడ్డిమేటు, పాలేరు మేపలేదని ఆవు, ఇలా ఒకరి మీద ఒకరు నెపం తోసుకుంటూ పోతే ఆఖరికి చీమ దొరుకుతుంది. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అంటుంది. కథ అయిపోయింది. ఆ చీమ చిన్నప్పుడు ఏం కష్టాలు పడిందో, దానికంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏ అమ్మమ్మా చెప్పలేదు, ఏ మనవడూ అడగలేదు.

‘కమ్ అవే’ సినిమా చూస్తున్నంతసేపూ నాకు ఆ చీమే గుర్తొచ్చింది.

2020 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో మొదటిసారి చూపించి, ఆ ఏడాది నవంబరులో విడుదల చేసిన ఫ్యామిలీ ఫాంటసీ ఇది. ఐడియా వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అద్భుతలోకంలోకి వెళ్ళిన ఆలిస్, ఎప్పటికీ పెద్దవాడు కాకుండా గాల్లో ఎగిరే పీటర్ పాన్ ఒకే ఇంటి పిల్లలైతే? విక్టోరియా కాలపు ఇంగ్లండ్‌లో ఒక పల్లె. నాన్న జాక్ చెక్కతో బొమ్మ ఓడలు చేస్తుంటాడు. అమ్మ రోజ్. జాక్‌గా డేవిడ్ ఓయెలోవో, రోజ్‌గా ఏంజెలినా జోలీ. ఆలిస్, పీటర్‌లకు డేవిడ్ అని ఒక అన్న. ఆ అన్న నీళ్ళలో మునిగి చనిపోతాడు. అక్కడి నుంచి అమ్మ మత్తుకు అలవాటుపడుతుంది, నాన్న చుట్టూ జూదం అప్పులు మూగుతాయి. ఇంట్లో ఊపిరాడక పిల్లలిద్దరూ ఊహల్లోకి పారిపోతారు. మనం ఇన్నాళ్ళూ ముచ్చటపడిన వింతలన్నీ ఆ ఇంటి దుఃఖంలోంచే పుట్టాయన్నది సినిమా మాట.

ఆ మాట చెప్పడానికి సినిమా పడే పాట్లు చూడాలి. ఒక గడియారం కనిపిస్తుంది, ఒక చిన్న గంట మోగుతుంది, కుందేలు బొమ్మ ఒకటి వస్తుంది, లండన్‌లో ఒక టోపీవాడు తగులుతాడు. టీచర్ హాజరు వేస్తున్నట్టు, ఒక్కొక్క వస్తువూ వచ్చి ‘ప్రెజెంట్’ చెప్పి వెళ్ళిపోతుంది. గుర్తుపట్టిన పెద్దవాళ్ళకు కాసేపు సరదా. ఆ పుస్తకాలు తెలియని పిల్లలకు అదేదో గంట, అదేదో గడియారం, అంతకుమించి ఏమీ లేదు. మా ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్ల సగంలో ఒకే ఒక్క ప్రశ్న వేసింది: ‘ఇంతకీ వీడు ఎగురుతాడా, ఎగరడా?’ నేను జవాబు చెప్పేలోపే లేచి వెళ్ళిపోయింది.

అయితే పీటర్ పాన్ వెనక దుఃఖం ఉందన్న మాట ఈ సినిమా రచయిత్రి గాల్లోంచి తెచ్చింది కాదు. దాన్ని రాసిన జె.ఎం. బారీకి ఆరేళ్ళప్పుడు, 1867లో, అన్న డేవిడ్ మంచు మీద స్కేటింగ్ చేస్తుండగా జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. ఆ పిల్లాడికి అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. తల్లి మంచం పట్టింది. ఆమెను ఊరడించడానికి చిన్నవాడు అన్న బట్టలు వేసుకుని, అన్నలాగే ఈల వేస్తూ ఆమె గదిలోకి వెళ్ళాడట. తల్లి గురించి రాసిన పుస్తకంలో బారీ స్వయంగా చెప్పుకున్నాడు. చనిపోయిన కొడుకు ఇక ఎప్పటికీ పిల్లాడుగానే ఉండిపోతాడన్నదే ఆ తల్లికి మిగిలిన ఓదార్పు. సినిమాలో పోయిన అన్న పేరు కూడా డేవిడే కావడం అనుకోకుండా జరిగిందని నేను నమ్మను.

మరి ఆ దుఃఖాన్ని బారీ ఏం చేశాడు? పాఠకుడి చేతికి అందకుండా దాచేశాడు. 1904లో లండన్‌లో ఆడిన నాటకాన్నీ, 1911లో వచ్చిన నవలనీ చూస్తే, పీటర్‌ని నడిపించేది జ్ఞాపకం కాదు, మతిమరుపు. వాడి నేస్తం వెండీ ఒకసారి పాత శత్రువు హుక్ గురించి ఎత్తితే ‘హుక్ ఎవరు?’ అంటాడు. తన కోసం విషం తాగిన బుల్లి దేవకన్య టింకర్ బెల్ కూడా వాడికి గుర్తుండదు. పిల్లలు సరదా మనుషులనీ, అమాయకులనీ, వాళ్ళకి గుండె ఉండదనీ చెప్పి బారీ నవల ముగిస్తాడు. ఆ మూడో మాట రాయడానికి ధైర్యం కావాలి. పీటర్‌ని చూస్తే మనకి ఒళ్ళు జలదరించేది అందుకే. వాడు ఏడవడు. వాడి బదులు మనం ఏడవాలి.

‘కమ్ అవే’లో పీటర్ అన్న చావుని మోసుకుంటూ తిరిగే మంచి పిల్లాడు. మంచి పిల్లలంటే నాకేం కోపం లేదు. కానీ మరిచిపోలేనివాడు ఎలా ఎగురుతాడు?

ఆలిస్ విషయంలో జరిగిన తప్పు ఇంకా పెద్దది. అక్కడ తవ్వితే దుఃఖమే దొరకదు. 1862 జులై 4న ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నదిలో పడవ షికారు. లెక్కల మాస్టారు చార్లెస్ డాడ్జ్‌సన్, ఆయన స్నేహితుడు, ముగ్గురు అక్కచెల్లెళ్ళు. కథ చెప్పమని పిల్లలు పోరు పెడితే అప్పటికప్పుడు అల్లిన కథ. మూడేళ్ళకు లూయిస్ కారోల్ అన్న కలం పేరుతో పుస్తకమైంది. అందులో టోపీవాడు ఒక పొడుపుకథ వేస్తాడు: బొంతకాకికీ రాతబల్లకీ పోలికేమిటి? దానికి జవాబు లేదు. అడిగేవాళ్ళు ఎక్కువైతే, సుమారు ముప్పై ఏళ్ళ తర్వాత ఒక ముందుమాటలో కారోల్ ఏదో జవాబు ఇచ్చి, మొదట రాసినప్పుడు మాత్రం అసలు జవాబే లేదని ఒప్పుకున్నాడు. ఆ పుస్తకం అందమంతా అక్కడే ఉంది. ఆలిస్ ఎవరి బాధలోంచీ పారిపోలేదు. ఎండకి నిద్రమత్తుగా ఉంది, కుందేలు పరుగెత్తింది, వెనకపడింది. అలాంటి పిల్లకి చనిపోయిన అన్ననీ, మత్తులో తూగే అమ్మనీ తగిలించి ‘చూశారా, అందుకే ఈ వింతలు’ అంటే, జవాబు లేని పొడుపుకథకి గైడు రాసినట్టు ఉంటుంది.

పిల్లల సినిమాలో చావు ఉండకూడదని నేను అనడం లేదు. ఆ మాట ఈ దర్శకురాలి ముందు అనలేం కూడా. బ్రెండా చాప్‌మన్ 1994 నాటి ‘లయన్ కింగ్’కి కథా విభాగం పెద్ద. తండ్రి సింహం చచ్చిపడి ఉంటే, పిల్ల సింహం సింబా వెళ్ళి లేపబోయి, లేవకపోతే ఆ చేతి కిందే ముడుచుకుని పడుకునే సన్నివేశం ఎంతమంది పిల్లల్ని ఏడిపించిందో! కానీ కాసేపటికే ఒక అడవి పంది వచ్చి ఆ పిల్లల్నే నవ్విస్తుంది. ఏడుపుకి ఏడుపు, నవ్వుకి నవ్వు. తర్వాత 1998లో ‘ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’కి ముగ్గురు దర్శకుల్లో ఒకరయ్యారు. పెద్ద స్టూడియో యానిమేషన్ సినిమాకి దర్శకత్వం వహించిన మొదటి మహిళ ఆవిడే. తన కూతురితో అనుబంధంలోంచి ‘బ్రేవ్’ కథ అల్లి, మధ్యలో ఆ సినిమా నుంచి తప్పించబడి, చివరికి దానికే ఆస్కార్ పంచుకున్నారు. అంత అనుభవం ఉన్న మనిషి మొదటిసారి నటీనటులతో తీసిన సినిమా ఇది. నా నిరాశకి సగం కారణం అదే. ఇందులో ఆ అడవి పంది లేదు. ఒకసారి మబ్బు పట్టాక ఇక ఎండ రాదు. పిల్లలకు బరువెక్కువ, పెద్దలకు లోతు తక్కువ.

ఒక విషయంలో మాత్రం ఈ సినిమా పక్షాన మాట్లాడాలి. ట్రైలర్ రాగానే, సినిమా చూడకుండానే, ఆలిస్, పీటర్‌ల నాన్న నల్లజాతివాడేమిటని ఇంటర్నెట్‌లో విరుచుకుపడ్డారు. ఓయెలోవో దానికి బాహాటంగా జవాబు చెప్పాల్సి వచ్చింది. ఎగిరే పిల్లాణ్ణి నమ్మగలిగినవాళ్ళు వాడి నాన్న ఒంటి రంగుని నమ్మలేకపోవడం విడ్డూరం. నిజానికి ఆ తండ్రీకొడుకుల సన్నివేశాలే సినిమాలో కాస్త ఊపిరి ఉన్నవి.

ఇలాంటి సినిమాలు ఎందుకు వస్తూనే ఉంటాయంటే, లెక్క సులువు. ఆలిస్ పుస్తకానికి కాపీరైట్ 1907లోనే తీరిపోయింది. టిమ్ బర్టన్ 2010లో తీసిన ఆలిస్ వంద కోట్ల డాలర్లు దాటింది. ఇక ఎవరు ఆగుతారు? పీటర్ కథ కొంచెం వేరు. బారీ ఆ హక్కుల్ని 1929లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చేశాడు. 1988లో చేసిన చట్టంతో బ్రిటన్‌లో ఆ రాయల్టీ ఇప్పటికీ ఆసుపత్రికే. పీటర్‌కి వయసు రానట్టే దానికీ గడువు లేదు. ‘కమ్ అవే’ చూపించిన అదే సన్‌డాన్స్‌లో అదే ఏడాది ‘వెండీ’ అని ఇంకో పీటర్ పాన్ సినిమా కూడా వచ్చింది. పాత కథని మళ్ళీ చెప్పడం తప్పేం కాదు. మనవాళ్ళు రామాయణాన్ని ఎన్నిసార్లు చెప్పుకోలేదు? కానీ ఈ మధ్య తిరగరాయడమంటే కారణాలు వెతకడమే అయిపోయింది. మంత్రగత్తె ఎందుకు చెడ్డదైంది, దొంగ ఎందుకు దొంగయ్యాడు, పిల్లాడు ఎందుకు ఎగిరాడు. మన మాస్ సినిమా విలన్‌కి కూడా ఇప్పుడు ఫ్లాష్‌బ్యాక్ తప్పనిసరి కదా!

‘కమ్ అవే’లో నాకు నచ్చింది మొదట్లో, ఇంకా ఎవరూ చనిపోకముందు వస్తుంది. ముగ్గురు పిల్లలూ చెట్ల మధ్య యుద్ధం ఆడుకుంటుంటారు. చేతుల్లో ఎండు కర్రలు. ఒకడు కర్ర ఎత్తుతాడు, అది కత్తి అవుతుంది, తళుక్కుమంటుంది. ఎందుకైందో ఎవరూ చెప్పరు. రెండో పిల్లాడు కూడా అడగడు, తన కర్ర అడ్డం పెడతాడు.