కాపలా భాగాన్ని తరిమేయొద్దు
మన మనసులో వేర్వేరు భాగాలుంటాయని చెప్పే ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్ (IFS) అనే థెరపీ గురించిన వ్యాసం చదివాను. కోపం, మొండితనం కూడా లోపలి గాయాన్ని కాపాడే భాగాలే, వాటితో కొట్లాడొద్దు అని అందులో రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. 1980లలో రిచర్డ్ ష్వార్ట్జ్ రూపొందించిన ఈ పద్ధతిలో ముందు ఆ కాపలా భాగం ఒప్పుకోవాలి, తర్వాతే నొచ్చుకున్న పసి భాగం దగ్గరికి పోవాలి. మా పాలమూరులో అమ్మానాన్నలు ముంబై, పూణే వలసపోతే అవ్వాతాతల దగ్గర పెరిగినవాళ్లు ఇంటింటా ఉన్నారు. మా చిన్నమ్మ కొడుకూ అంతే, ఎవరు దగ్గరికి తీసినా "నాకెవరూ అక్కర్లేదు" అనేవాడు. కౌన్సిలింగ్‌లో "ఆ మాట అనకపోతే ఏమైతదని నీ భయం?" అని అడిగితే, "మళ్లీ వదిలేసి పోతరు" అన్నాడట. నాకే చెప్పుకుని ఏడ్చాడు. అయితే ఇదంతా ఇంట్లో ఒంటరిగా చేసుకోవచ్చని ఆ వ్యాసంలో ఇచ్చిన సలహా మాత్రం నాకు నచ్చలేదు. గాయం పెద్దదైతే తోడు లేకుండా తట్టుకోలేరు. దగ్గర్లో థెరపిస్టు దొరకనివాళ్లు ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.