చేదుగా ఉంటే స్ట్రాంగ్ బీరేనా?

బీరు కాస్త చేదుగా తగిలితే చాలు, "అబ్బో, ఇది బాగా స్ట్రాంగ్" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న ఒక ఫ్రెండ్ అరగంట వాదించాడు, ఆల్కహాల్ 5 శాతమేనని సీసా మీద రాసి ఉన్నా నమ్మడే! మత్తు వచ్చేది మాల్ట్‌లోని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలోని) చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా మార్చడం వల్ల, చేదు వచ్చేది హాప్స్ వల్ల. దానికీ దీనికీ లంకె పెట్టకండి మహాప్రభో.

హాప్స్ అంటే గింజ కాదు, ఓ తీగకు కాసే ఆడ పువ్వు. గంజాయి కుటుంబానికి చెందిన తీగే (కళ్లు అంత పెద్దవి చేయకండి, ఆ మత్తు ఇందులో లేదు). రేకుల మొదట్లో లుపులిన్ అనే పసుప్పచ్చటి పొడి ఉంటుంది, అసలు సరుకంతా అదే. అందులోని ఆల్ఫా ఆమ్లాలు వర్ట్‌లో (మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి తీసిన తీపి రసంలో) గంటసేపు మరిగితేగానీ రూపం మారి చేదునివ్వవు, సువాసన నూనెలేమో మరిగిస్తే ఆవిరైపోతాయి. అందుకే చేదు కోసం మొదట్లోనే వేస్తారు, వాసన కోసం దించబోయే ముందు వేస్తారు, ఇంకా గుప్పుమనాలంటే పొయ్యి దగ్గర పనంతా అయ్యాక, పులుస్తున్న బీరులోనో పులిసిన బీరులోనో వేసి నానబెడతారు. ఒకే పువ్వు, వేసే టైమ్‌ని బట్టి వేరే బీరు! నన్నడిగితే బ్రూయింగ్‌లో ఇంతకంటే అందమైన సంగతి లేదు.

ఇక ఐబీయూ (బీరు చేదును కొలిచే కొలత) అంకె చూసి ఎగబడేవాళ్లు ఇంకో రకం. 1 ఐబీయూ అంటే లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము చేదు పదార్థం, అంతే. మాల్ట్ తీపి దండిగా ఉన్న బీరులో 60 కూడా మెత్తగా దిగుతుంది, పలచటి బీరులో 35కే నాలుక ముడుచుకుపోతుంది.

అసలు హాప్స్‌ని మనుషులు నెత్తిన పెట్టుకున్నది రుచికోసమే కాదు. బీరును పాడుచేసే బ్యాక్టీరియాని అవి ఆపుతాయి. పానీయాలు చెడకుండా వీటి చేదు కాపాడుతుందని హిల్డెగార్డ్ అనే జర్మన్ సన్యాసిని 12వ శతాబ్దంలోనే రాసింది. 1516లో బవేరియా వాళ్లు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఏమీ వేయొద్దని చట్టమే చేశారు. అందులో ఈస్ట్ ఊసే లేదు, పాపం.

ఆ ఫ్రెండ్ సంగతికొస్తే, ఆ రోజు తను తెచ్చింది రంగులేని గాజు సీసా. మధ్యాహ్నమంతా ఎండలో వదిలేశాడు. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థం విరిగి కంపు కొడుతుంది, గోధుమరంగు సీసాలు వాడేది అందుకే. మూత తీయగానే మొహం చిట్లించి ఏమన్నాడో తెలుసా? "హాప్స్ ఎక్కువేశారు, బాగా స్ట్రాంగ్!"