తొమ్మిదో షెడ్యూలు గారికి, తాళం సంగతి

రాజ్యాంగం చివరి పేజీల్లో చట్టాల జాబితాగా కాపురముంటున్న తొమ్మిదో షెడ్యూలు గారికి,

నమస్కారం. మీ ముందున్న ఎనిమిదీ రాజ్యాంగంతోపాటే పుట్టాయి. మీరు దాదాపు ఏడాదిన్నర ఆలస్యంగా, 1951 జూన్‌లో, మొదటి సవరణ కడుపున పుట్టారు.

పుట్టుక గొప్పదే, కాదనను. జమీందారీ రద్దు చట్టాలు చేస్తే జమీందార్లు కోర్టుకెక్కారు. బిహార్ చట్టాన్ని పట్నా హైకోర్టు కొట్టేసింది కూడా. ఇలాగైతే దున్నేవాడికి భూమి దక్కేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని, మీలో పెట్టిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరు చెప్పి ఏ కోర్టూ కొట్టెయ్యకూడదని 31బి అధికరణంలో రాసేశారు. అదే మీ తలుపుకి వేసిన తాళం. తొలి విడతలో 13 చట్టాలు. అందులో చివరి రెండూ మన హైదరాబాద్ జాగీర్లవే. వాటి వరకూ మీకో దండం.

కానీ అటక ఉన్న ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలియనిదా? మొదట పండక్కి వాడే ఇత్తడి గిన్నెలు పెడతారు. తర్వాత విరిగిన కుర్చీ. ఆ తర్వాత చుట్టాలొస్తున్నారంటే చాలు, దాచాల్సిందల్లా పైకెక్కిస్తారు.

1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదంది. ఆగస్టుకల్లా 39వ సవరణ. ప్రధాని ఎన్నిక కోర్టుల కంటపడకుండా అందులో వేరే ఏర్పాటు చేసుకున్నారు లెండి, దాన్ని సుప్రీంకోర్టు నవంబరులో కొట్టేసింది. మీ వాటాకి 92వ నంబరులో మీసా వచ్చింది. విచారణ లేకుండా మనిషిని లోపలేసే చట్టాన్ని భూసంస్కరణల చట్టాల పక్కన పక్కేసి పడుకోబెట్టారు. మీరేమైనా అడిగారా? ‘నీకు ఎన్నెకరాలుంది నాయనా’ అనైనా? మరుసటి ఏడు 130వ నంబరులో పత్రికల నోరు కట్టే చట్టం దిగింది. చివరికి 44వ సవరణ వచ్చి ఇద్దర్నీ ఖాళీ చేయించింది.

కోర్టుల్ని పొగుడుతున్నాననుకోకండి. 1976లో ఎమర్జెన్సీ ఖైదీలకు హెబియస్ కార్పస్, అంటే ‘నన్ను లోపలెయ్యడం చట్టబద్ధమో కాదో తేల్చండి’ అని కోర్టుని అడిగే హక్కే లేదని సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు ఒప్పేసుకున్నారు. కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆయన్ని దాటేసి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. తాళం లేని తలుపు ముందు కూడా ఆగిపోయేవాళ్ళుంటారన్నమాట.

ఇంతకీ తాళం సంగతి. దానికి మారు తాళంచెవి 1973 ఏప్రిల్ 24నే తయారైంది. కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు కూర్చుని, 7-6 తేడాతో, రాజ్యాంగాన్ని సవరించొచ్చు గానీ దాని మౌలిక స్వరూపం జోలికి పోకూడదన్నారు. 2007 జనవరి 11న 9 మంది జడ్జీలు ఒక్కమాటగా ఆ తాళంచెవిని మీ తలుపుకే పెట్టి తిప్పారు. ఆ ఏప్రిల్ తేదీ తర్వాత మీలో చేరిన ఏ చట్టాన్నైనా బయటికి తీసి చూస్తామన్నారు.

అయినా మీ గుమ్మం ముందు రద్దీ తగ్గలేదు! అంతకుముందు 1994లోనే తమిళనాడు 69 శాతం రిజర్వేషన్ల చట్టం మీలో చేరింది. రిజర్వేషన్లకి సుప్రీంకోర్టు గీసిన 50 శాతం గీత దాటించాలనుకున్న వాళ్ళందరికీ అప్పట్నుంచీ మీరే ఇలవేల్పు. బిహార్ అడిగింది. తెలంగాణలోనూ అదే మాట. రిజర్వేషన్లు పెంచడం న్యాయమేనని నమ్మినప్పుడు లెక్కలు పట్టుకుని కోర్టులోనే వాదించొచ్చుగా? అబ్బే, అటకే కావాలంటారు. తాళం పోయిందని మీరూ చెప్పరు, వాళ్ళూ చెప్పరు. మీలో చేర్చమని ఢిల్లీకి ఉత్తరం వెళ్ళగానే ఇక్కడ స్వీట్లు పంచుకుంటారు. చేర్చకపోతే తప్పు ఢిల్లీది, చేర్చాక కొట్టేస్తే తప్పు కోర్టుది. ఇంత లాభసాటి బేరం ఇంకెక్కడుంది?

మీ వరస నంబర్లు 284 దాకా వచ్చాయి. 285 కోసం ఎవరైనా వచ్చి అడ్వాన్సు చేతిలో పెడితే తీసుకోండి, వద్దనను. రశీదు వెనకాల మాత్రం పెద్దక్షరాలతో రాసివ్వండి: ‘గదికి గొళ్ళెం లేదు.’

ఇట్లు,
అటక కింద కాపురముంటున్న ఒక ఓటరు