బంజరని ముద్ర వేస్తే సరిపోతుందా?

దేశంలో 5.57 కోట్ల హెక్టార్ల బంజరు ఉందని కేంద్ర ప్రభుత్వం తెచ్చిన బంజరు భూముల పటాల పుస్తకం, 2019 నాటి వేస్ట్‌ల్యాండ్ అట్లాస్ లెక్క. మొత్తం విస్తీర్ణంలో దాదాపు 17 శాతం. సోలార్ పార్కు పెట్టాలన్నా, పరిశ్రమ తేవాలన్నా ఈ లెక్కే బల్ల మీదికొస్తుంది. అంత జాగా ఊరికే పడి ఉంది కదా, వాడుకుంటే తప్పేంటని!

అట్లాస్‌లోని 23 రకాలను ఒకసారి చూడండి. వానలకు కోసుకుపోయి గండ్లు పడ్డ నేల ఉంది, సరే. ఇసుక దిబ్బలు, చవుడు భూములు కూడా సరే. వాటి పక్కనే తుప్పలు పెరిగే బీళ్లు, పశువుల మేత భూములు ఉన్నాయి. చివరికి హిమాలయాల్లో మంచు కప్పిన ప్రాంతాలనూ అందులోనే చేర్చారు. గంగకు నీళ్లిచ్చే మంచే బంజరైతే ఇక బంజరు కానిదేముంది? దొరల కాలంలో శిస్తు రాని నేలంతా 'వేస్ట్'. దొరలు పోయారు, ఆ పద్దు మిగిలింది.

నిజంగా పాడైన నేలను గుర్తుపట్టడం కష్టమేం కాదు. పైమట్టి కొట్టుకుపోయి చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి. ఒక్కో గులకరాయి కింద వేలెడంత మట్టి దిమ్మె మిగులుతుంది. రాయి కాచిన మేరకే ఆ మట్టి నిలిచింది, చుట్టూ ఉన్నదంతా వాన ఎత్తుకుపోయింది. తర్వాత సన్నటి చాళ్లు పడతాయి, చాళ్లు కలిసి వంకలవుతాయి. అలాగే వదిలేస్తే చంబల్ లోయలోలాగా మనిషి మునిగే గండ్లే. ఆ నేలకు రాతికట్టలు, చెక్‌డ్యాములు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి.

రాయలసీమ బీడు సంగతి వేరు. మే నెలలో ఎండి చచ్చినట్టే ఉంటుంది. రెండు మంచి వానలు పడితే గడ్డి లేస్తుంది, గొర్రెల మందలు దిగుతాయి. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) గుడ్డు పెట్టేది ఇలాంటి నేల మీదే. ఆ పిట్ట కోసమే 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేశారు. అలాంటి నేలను 'బాగుచేస్తాం' అంటూ చెట్లు నాటితే గడ్డి పోతుంది. సర్కారు తుమ్మ కథ తెలిసిందే. పచ్చదనం పేరుతో తెచ్చి నాటింది, ఇప్పుడు నరికినా చావదు.

సోలార్ పార్కులకు పంట పొలాలు తీసుకోవడం కన్నా బంజరు తీసుకోవడం నయం కదా అంటారు అధికారులు. ఆ మాటలో కొంత నిజముంది. అయితే గండ్లు పడ్డ నేలలో ప్యానెళ్లు పెట్టడానికి ఏ కంపెనీ వస్తోంది? వాళ్లకు కావలసింది చదునైన బీడే.

అసలు పేచీ రికార్డుల్లో ఉంది. ఊరి భూముల వివరాలు రాసే అడంగల్‌లో పట్టాదారుకు, అనుభవదారుకు గళ్లున్నాయి. ఏడాదిలో నాలుగు నెలలు మంద తోలుకొచ్చే కాపరి ఈ రెండింటిలోకీ రాడు. కాగితంలో లేనివాడికి నోటీసు వెళ్లదు, పరిహారమూ రాదు. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. అవే భూములను ప్రభుత్వం బంజరని రాసి లీజుకిస్తే దాన్నేమనాలి? ముందు గ్రామసభలో కాపరుల మాట రాతపూర్వకంగా నమోదు కావాలి. అప్పటిదాకా ఆ సర్వే నంబరు జోలికి ఏ కంపెనీనీ రానివ్వకూడదు.