శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో కనబడని డ్యూటీ

కర్నూలు పెద్దాసుపత్రిలో పాతికేళ్లు సర్వీసు చేసిన స్టాఫ్ నర్సు చనిపోతే మూడో రోజుకల్లా ఆమె ఉన్న కాలనీ మలుపులో ఫ్లెక్సీ లేస్తుంది. పైన జనన మరణాల తేదీలు, నడుమ ఏ పెళ్లి ఫొటోలోంచో కత్తిరించి పెట్టిన ముఖం, కింద 'సేవామూర్తి, మమతల తల్లి' అని రెండు ముక్కలు. పేపరు జిల్లా ఎడిషన్‌లో వేసే ప్రకటనా అంతే. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ అది చదివినవాళ్లకు ఆమె మంచి మనిషని తెలుస్తుంది గానీ, ఏ పని తెలిసిన మనిషో తెలియదు. టీచరు పోతే ఏ సబ్జెక్టు చెప్పేవాడో, లాయరు పోతే ఏ కేసులు వాదించాడో తలచుకుంటాం. నర్సు దగ్గరికొచ్చేసరికి మంచితనంతో సరిపెట్టేస్తాం.

దీనివల్ల జరిగే నష్టం ఒక కుటుంబంతో ఆగదు. నర్సు పనంతా పుట్టుకతో వచ్చిన మమతే అని నలుగురూ అనుకుంటే, ఆ మమతకు శిక్షణ ఎందుకు, సిబ్బంది లెక్క ఎందుకు అనే దాకా పోతుంది వ్యవహారం. ముగ్గురు రోగులకు ఒకరుండాల్సిన చోట ముప్పై మందికి ఒకరున్నా 'అమ్మలా సర్దుకుంటుందిలే' అని ప్రభుత్వాలూ సర్దుకుంటాయి.

ఆ పని ఎలాంటిదో ఒక్కటైనా దగ్గరగా చూద్దాం. కోసిగి, కౌతాళం వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే పనుల కోసం వలస, పోతాయి. కడుపుతో ఉన్న ఆడపిల్ల కూడా పోతుంది. నెలనెలా చూపించుకోవాల్సిన బీపీ అక్కడ ఎవరూ చూడరు. నెలలు నిండుతుండగా ఊరికొస్తుంది. కాళ్లు వాచాయి, తలనొప్పి, కళ్లు మసకలు. బీపీ 170/110. రాత్రికి ఫిట్స్. అప్పుడు ఊరి దగ్గరి పీహెచ్‌సీలో నర్సు చేయాల్సింది ఫిట్స్ ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు. ఒక్కో ఆంపూల్ 2 మి.లీ., అందులో 1 గ్రాము మందు. ఒక్కో పిరుదుకు 5 ఆంపూళ్లు, అంటే 10 మి.లీ. చొప్పున, మొత్తం 10 గ్రాములు కండలోకి లోతుగా ఇవ్వాలి. ఇచ్చిన టైము, డోసు రిఫరల్ కాగితం మీద రాసి 108 ఎక్కించాలి.

తప్పు జరిగేది ఎక్కువగా ఆ కాగితం దగ్గరే. ఆదోని నుంచే కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. ఆ పిల్ల పెద్దాసుపత్రి లేబర్ రూముకు చేరేసరికి కాగితంలో 'ఇంజెక్షన్ ఇచ్చాము' అని మాత్రమే ఉంటే, అక్కడి నర్సుకు చేతులు కట్టేసినట్టే. ఇచ్చింది ఎంతో తెలియక మళ్లీ ఇస్తే మందు ఎక్కువై ఊపిరి తగ్గిపోవచ్చు, ఇచ్చారులే అని వదిలేస్తే మళ్లీ ఫిట్స్ రావచ్చు. అందుకే అనుభవమున్న నర్సు ముందు పట్టుకునేది ఫోను. పీహెచ్‌సీకి చేసి టైము కనుక్కుంటుంది.

ఆ తర్వాత 4 గంటలకోసారి 5 గ్రాములు, పిరుదు మార్చి మార్చి. ప్రతి డోసుకూ ముందు మూడు చూడాలి. మోకాటి కింద తడితే కాలు కదలాలి. ఊపిరి నిమిషానికి 16కు తగ్గకూడదు. మూత్రం గంటకు 30 మి.లీ. అయినా రావాలి. ఈ మందు మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి మూత్రం తగ్గిందంటే మందు ఒంట్లో పేరుకుంటోందని అర్థం. మోకాలు కదలకపోతే డోసు ఆపాలి. ఊపిరి తగ్గుతుంటే విరుగుడుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. నరంలోకి మెల్లగా ఎక్కించాలి. ఆ ఆంపూల్ స్టోర్‌లో ఎక్కడో ఉంటే చాలదు, మంచం పక్క ట్రేలోనే ఉండాలి. కాన్పు అయిన తర్వాత లేదా చివరి ఫిట్ తర్వాత, ఏది ఆలస్యమైతే అప్పట్నుంచి, ఇరవై నాలుగు గంటల దాకా ఇదే వరస. నిద్ర మత్తులో ఉన్న తల్లి ఊపిరిని నిమిషం పాటు పూర్తిగా లెక్కపెట్టడమే ఇక్కడ మమత అంటే. తల నిమరడం బంధువులూ చేయగలరు.

మిగతా వార్డుల్లో పని ఇంత ఉత్కంఠగా ఉండదు గానీ లెక్క మాత్రం తప్పదు. 500 మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కించమని డాక్టరు రాస్తే, మి.లీ.కి 20 చుక్కల సెట్టులో నిమిషానికి 21 చుక్కలు. 4 గంటల్లో అంటే 42. తొందరగా అయిపోతే ఇంటికి పోవచ్చని అటెండెంటు చుక్కల వేగం మార్చే చక్రం తిప్పేస్తే గుండె జబ్బు మనిషికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పక్షవాతం మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద పుండు పడుతుంది. పడనివ్వని పుండును ఏ రిజిస్టరులోనూ ఎక్కించరు. నర్సు గొప్పతనంలో సగం ఇలా జరగకుండా పోయిన వాటిలోనే ఉంది, అందుకే కనబడదు.

అనంతపురం శెనక్కాయ చేలల్లో రక్తపింజరి కాటు పడి వచ్చినవాళ్ల సంగతీ ఇంతే. 2 మి.లీ. రక్తం పొడిగా ఉన్న గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం రక్తానికెక్కినట్టు. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బు పొడితో కడిగిన గొట్టం వాడినా మంచి రక్తం కూడా గడ్డకట్టనట్టే కనబడుతుంది, అక్కర్లేని మనిషికి విరుగుడు పోతుంది. నిజంగా అవసరమైతే మొదట సాధారణంగా 10 వయల్స్ పడతాయి. అవి మొదలుపెట్టే ముందే 0.5 మి.గ్రా. అడ్రినలిన్ సిరంజిలో తీసి పక్కన పెట్టుకునే నర్సు ఉన్న క్యాజువాలిటీకి, లేని క్యాజువాలిటీకి తేడా విరుగుడు పడక రోగికి ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోయినప్పుడు తెలుస్తుంది.

ఇక 'మమతల తల్లి' సంగతి. పగలు 8 నుంచి 2, 2 నుంచి 8, రాత్రి 8 నుంచి తెల్లారి 8. ఈ మూడు షిఫ్టుల మధ్య పిల్లల్ని పెంచిన తల్లిని త్యాగమూర్తి అనడం తేలిక. నిజానికి ఆ రాత్రులు ఇంట్లో జేజి ఉంటే గడిచాయి, లేకపోతే పక్కింటివాళ్ల పుణ్యాన గడిచాయి. మొగుడు వంట నేర్చుకున్న ఇళ్లూ ఉన్నాయి, కాకపోతే ఆ మాట ఫ్లెక్సీ మీదికి రాదు. చట్టం ఇచ్చినవి కొన్ని ఉన్నాయి. రాష్ట్ర ఉద్యోగినులకు ప్రసూతి సెలవు 180 రోజులు. పిల్లల సంరక్షణ సెలవు మొదట 60 రోజులు, 2022లో 180కి పెరిగింది. కేంద్ర ఉద్యోగినులకు అదే 730 రోజులు. సెలవు ఉండటం వేరు, దొరకడం వేరు. బదులు మనిషి లేనప్పుడు హెడ్ నర్సు మాత్రం ఏం చేస్తుంది? 'వచ్చే నెల చూద్దాం' అంటుంది, ఈలోపు పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో సెలవుల కోసమే 30 శాతం అదనపు పోస్టులు ఉండాలి. ఆ 30 శాతం నింపితే చాలామంది నర్సులు త్యాగం చేయకుండానే మంచి తల్లులు అనిపించుకునేవారు. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే గది, ఉండాలని 2017లో చట్టం సవరించారు. రాత్రి డ్యూటీ తల్లికి సాయంత్రం తాళం వేసే క్రెష్‌తో పనేముంది?

జ్ఞాపకం అనేది ఎంత గట్టి వ్యవహారమో కరోనా చూపించింది. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు కర్నూలు జిల్లావే. డ్యూటీలో కరోనా సోకి చనిపోయిన వైద్య సిబ్బంది కుటుంబాలకు కేంద్రం 50 లక్షల బీమా ప్రకటించింది. ఆ డబ్బు రావాలంటే పాజిటివ్ రిపోర్టు, మరణ ధ్రువపత్రంతో పాటు, ఆమె కరోనా రోగులకు దగ్గరగా పనిచేసిందని ఆసుపత్రి అధికారి ఇచ్చే సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. ఆ సర్టిఫికెట్‌కు ఆధారం డ్యూటీ రోస్టరులో ఆమె పేరున్న గడి. పొగడ్తల మీద ఏ బీమా కంపెనీ కూడా పైసా ఇవ్వదు.

కాబట్టి దినానికి అచ్చువేసే కార్డులోనో, క్రైస్తవ కుటుంబాలైతే ఆదరణ కూడికలో చదివే పేజీలోనో ఏం రాయాలన్నది ఆలోచించాల్సిన సంగతే. జమ్మలమడుగు క్యాంబెల్ లాంటి మిషన్ ఆసుపత్రులున్న సీమలో ఆ కూడికలు తక్కువేమీ కాదు. బంధువులను అడిగితే స్వభావమే చెప్తారు. అడగాల్సింది ఆమె బ్యాచ్‌మేట్లను, కలిసి రాత్రులు చేసిన ఆయాలను, ఆమె చేతికింద పని నేర్చుకున్న స్టూడెంట్ నర్సులను. ఏ వార్డులో ఎన్నేళ్లు చేసిందో సర్వీసు రిజిస్టరులో కొంత దొరుకుతుంది. ఆఫీసులో పెన్షను కాగితాలు కదిలేటప్పుడే పోస్టింగుల వరస రాసుకుంటే మంచిది, తర్వాత ఎవరూ తీసివ్వరు. వార్డు రిపోర్టు బుక్కుల మీద ఆశ పెట్టుకోవద్దు, కొన్నేళ్లకు వాటిని పాత కాగితాల కింద తీసేస్తారు. ఆమె దేన్ని సహించేది కాదో తప్పక అడగాలి. 'డోసు టైము లేని రిఫరల్ కాగితం వస్తే ఊరుకునేది కాదు, అప్పటికప్పుడు ఫోను చేసేది' అన్న ఒక్క వాక్యం పది విశేషణాల పెట్టు. రోగుల పేర్లు, జబ్బులు మాత్రం రాయకూడదు. ఆమె బతికుండగా దాచిన గుట్టును ఆమె నివాళిలో బయటపెట్టడం ఆమెకే అవమానం.

నర్సు సర్వీసులో ఉండగానే పోతే కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చేది ఇంకొకటుంది, కారుణ్య నియామకం. ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. కొడుకుకో కూతురికో వచ్చేది జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం లేదా అంతకంటే కిందిది. ఇల్లు నిలబడటానికి అది కావాల్సిందే, అందులో తప్పుపట్టేదేమీ లేదు. కానీ ఆసుపత్రి వైపు నుంచి చూస్తే పాతికేళ్ల లేబర్ రూము పనితనం పోయి ఏదో ఆఫీసులో ఒక గుమాస్తా చేరినట్టయింది. నర్సు పోస్టు ఖాళీ అలాగే ఉంటుంది. తర్వాతి నోటిఫికేషను వచ్చి భర్తీ అయ్యేదాకా ఆమె రాత్రి డ్యూటీలను మిగతా సిస్టర్లే పంచుకుంటారు, వాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఇంట్లో చిన్నపిల్లలుంటారు.