కనిపించకముందే కాపాడిన అడవి

గ్వాటెమాలాలోని కుచుమటానెస్ కొండల్లో 1975లో జెరెమీ జాక్సన్, పాల్ ఎలియాస్ అనే ఇద్దరు అమెరికన్లకు పసుపు పచ్చగా మెరిసే సాలమాండర్ ఒకటి దొరికింది. చూడటానికి బల్లిలా ఉంటుంది గానీ కప్పకు చుట్టం. దానికి జాక్సన్ పేరే పెట్టారు. ఆ తర్వాత 42 ఏళ్లు అది ఎవరి కంటా పడలేదు. 2014లో ఆ ఇద్దరూ మళ్లీ వెళ్లి వెతికినా లాభం లేకపోయింది. చివరికి 2017 అక్టోబరులో అక్కడి రిజర్వులో (రక్షిత అడవిలో) పనిచేసే కాపలాదారు ఒకరు దాన్ని చూసి ఫొటో పంపారు.

ఈ కథలో నన్ను ఆపింది తేదీల వరస. ఆ రిజర్వు ఏర్పడింది 2015లో, అంటే జీవి దొరకడానికి రెండేళ్ల ముందు. దాన్ని పెట్టేటప్పుడు అదే కొండల్లోని ఇతర అరుదైన ఉభయచరాలూ లెక్కలో ఉన్నాయి, నిజమే. కానీ ఈ సాలమాండర్ ఇంకా బతికే ఉందన్న రుజువు మాత్రం అప్పటికి లేదు. ముందు జీవిని చూపించండి, తర్వాత అడవి సంగతి చూద్దాం అని కూర్చుని ఉంటే ఏమయ్యేది?

ఈలోగా అడవి పోతే ఇదీ పోయేది, ఎందుకంటే దీనికి ఊపిరితిత్తులే లేవు. గాలి పీల్చేది చర్మంతోనే, ఆ చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. నీళ్లలో ఈదే లార్వా దశ కూడా లేదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి సాలమాండరే బయటికొస్తుంది. మబ్బులు తాకే ఆ అడవిలో నాచు, బెరడు, ఆకుల మీది తేమే దాని ప్రాణం. చెట్లు కొట్టేసి ఎండ నేల మీద పడనిస్తే పరిగెత్తి పారిపోయే జంతువు కాదిది.

2023లో వెలువడిన ప్రపంచ ఉభయచరాల అంచనాలో 8,011 జాతులను పరిశీలిస్తే, సాలమాండర్లలో ప్రతి ఐదింటిలో మూడు ముప్పులో ఉన్నాయని తేలింది. కప్పల పరిస్థితే నయం.

అయితే రిజర్వు పెట్టేస్తే పనైపోయిందనుకోవడం అమాయకత్వం. మధ్య అమెరికా సాలమాండర్లపై 2009లో వచ్చిన అధ్యయనం ప్రకారం, రక్షణ ఉన్న అడవుల్లోనూ వాటి సంఖ్య బాగా పడిపోయింది. శిలీంధ్ర వ్యాధి, మారుతున్న వాతావరణం సరిహద్దు రాళ్లను చూసి ఆగవు. అయినా అడవి ఉంటేనే మిగతా వాటి గురించి మాట్లాడుకోవడానికి అవకాశం.

అన్నట్టు, ఆ కాపలాదారుకు దొరికింది పిల్ల సాలమాండర్. అంటే పెద్దవి కూడా ఆ చుట్టుపక్కలే ఎక్కడో ఉండాలి.