నాగార్జునకొండ మ్యూజియంలో ఆ లోయ మనుషులకూ చోటు కావాలి

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు పల్నాటి కొండల మధ్య, కృష్ణ ఒడ్డున ఉన్న లోయలో ఒక పాత రాతి స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి కబురు పెట్టారు. శాసనాల విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న సరస్వతి వచ్చి పరిశీలించారు. మరుసటి ఏడాది నుంచి 1931 దాకా పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్‌స్ట్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, దాని స్తూపాలు, విహారాలు అలా వెలుగులోకి వచ్చాయి. దేశంలోని ముఖ్యమైన బౌద్ధ క్షేత్రాల్లో ఒకదాని ఆచూకీ తెలియడానికి ఒక ఊరి మాస్టారి చూపు కారణమైంది. నాగార్జునకొండ మ్యూజియం గురించి ఎప్పుడు ఆలోచించినా నేను ఈ మాస్టారి దగ్గరే మొదలుపెడతాను. మ్యూజియానికీ చుట్టుపక్కల జనానికీ ఉండాల్సిన సంబంధాన్ని ఆయన మ్యూజియం పుట్టకముందే చూపించారు.

ఆ సంబంధం ఇప్పుడు బాగా పలచబడింది. నా బాధంతా దాని గురించే.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని అంతకుముందే తేలిపోయింది. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ నీళ్లు వచ్చేలోపు వీలైనంత మేర తవ్వింది. వందకు పైగా స్థలాలు బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి విప్పి, కొన్నిటిని కొండ మీద, కొన్నిటిని కుడిగట్టున అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. మిగతావాటికి చిన్న నమూనాలు చేశారు. ఆ కొండే ఇప్పుడు జలాశయం మధ్య ద్వీపం. దాని మీద బౌద్ధ విహారం ఆకారంలో కట్టిన మ్యూజియం 1966లో మొదలైంది. ఇంత పెద్ద పనిని ఇంత తక్కువ కాలంలో చేసినవాళ్ల శ్రమ ముందు తల వంచాల్సిందే. కింద మునిగినది తలచుకుంటే పైన మిగిలినది కొంచెమే, కానీ వాళ్లు లేకపోతే ఆ కొంచెం కూడా మిగిలేది కాదు.

లోపల ఉన్న సంపద చూస్తే కడుపు నిండుతుంది. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన బుద్ధుడి జీవిత ఘట్టాలు, జాతక కథలు, రాతియుగపు పనిముట్లు, పూసలు, నాణేలు, పవిత్ర అవశేషాలు దాచిన ధాతు పేటికలు ఉన్నాయి. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టేవి శాసనాలు. మహాచైత్యం అనే పెద్ద స్తూపానికి నాలుగు దిక్కులా నిలిపిన ఆయక స్తంభాల మీద రాజు పేరు కన్నా గట్టిగా వినిపించేది ఒక స్త్రీ పేరు: చాంతిసిరి. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి సోదరి, అతని కొడుకు వీరపురుషదత్తుడి మేనత్త. శ్రమణులకు, బ్రాహ్మణులకు, దీనులకు, యాచకులకు దానాలు చేసిందని ఆమె శాసనమే చెబుతుంది. ఆయన వైదిక యజ్ఞాలు చేసిన రాజు, ఈమె బౌద్ధ చైత్యానికి స్తంభాలు నిలిపిన దాత. ఒకే ఇంట్లో ఆ రెండూ ఇమిడాయి.

రాజకుటుంబానికి చెందని బోధిసిరి అనే ఉపాసిక (బౌద్ధాన్ని పాటించే గృహస్థురాలు) సంగతి ఇంకా గొప్పది. ఈ లోయలోని చుళధమ్మగిరి అనే గుట్ట మీద సింహళ థేరుల (శ్రీలంక పెద్ద భిక్షువుల) కోసం చైత్యగృహం, అంటే పూజా మందిరం, కట్టించి, తన పుణ్యంలో భర్తకు, అమ్మానాన్నలకు, అత్తింటివాళ్లకు, తోబుట్టువులకు వాటా రాయించింది. ఆ థేరులు ధర్మం చాటారంటూ శాసనం చెప్పే దేశాల వరుసలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, తామ్రపర్ణి (శ్రీలంక) ఉన్నాయి. పల్నాడులో ఒక గృహిణి రాయించిన రాతి మీద ఇంత ప్రపంచం ఉంది. చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన ఛాయాస్తంభాల్లో యుద్ధంలో పడిన వీరులవి ఉన్నాయి, చేతిపనివారి పెద్ద ఒకరిదీ ఉంది. చాంతమూలుడి స్మారక స్తంభాన్ని నిలిపినవాళ్లలో అతని తల్లులు, అక్కచెల్లెళ్లు, రాణులు పేరుపేరునా కనిపిస్తారు. పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ లోయ తన మనుషుల పేర్లు ఇంత శ్రద్ధగా రాసిపెట్టుకుంది.

అలాంటి చోటున కట్టిన మ్యూజియం 1950ల నాటి మనుషుల పేర్లు రాసిపెట్టుకోలేదు. లాంగ్‌హర్‌స్ట్ తవ్విన రోజుల్లో లోయలో పుల్లారెడ్డిగూడెం అనే పల్లె ఉండేది. తవ్వకాల్లో తట్టలు మోసినవాళ్లు, గునపం పట్టినవాళ్లు ఆ చుట్టుపక్కల జనమే కదా. ఆ తర్వాత డ్యామ్ వచ్చి వాళ్లనే లేపి వేరే చోట్లకు పంపింది. సాగర్ కాలువల కింద లక్షల ఎకరాలు పచ్చబడ్డాయి, ఎవరూ కాదనరు. ఆ పచ్చదనానికి ఊళ్లు, పొలాలు, శ్మశానాలు వదులుకున్నవాళ్ల కథ మాత్రం విజయపురి కథలో కలవలేదు. మునిగిన లోయ నమూనా మ్యూజియంలో ఉంది, చాలా పనితనంతో చేశారు. ఏ విహారం ఎక్కడుందో, ఏ స్తూపం ఏ గుట్ట పక్కనో చక్కగా తెలుస్తుంది. లోయను చివరిసారి ఖాళీ చేసి వెళ్లినవాళ్ల ఇళ్లు ఎక్కడ ఉండేవని ఒక మనవరాలు అడిగితే ఆ నమూనా ముందు ఎవరు చెబుతారు?

ఇది పురావస్తు మ్యూజియం, నిర్వాసితుల కథ దాని పని కాదు అనే వాదన ఉంది. నేను ఒప్పుకోను. ఈ మ్యూజియం పుట్టిందే డ్యామ్ వల్ల. రాళ్లను ఎందుకు కొండెక్కించారో చెప్పకుండా రాళ్ల కథ పూర్తి కాదు, రాళ్లతో పాటు మనుషులూ కదిలారని చెప్పకపోతే సగం నిజమే చెప్పినట్టు. అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022 ఆగస్టులో ప్రాగ్‌లో ఆమోదించిన కొత్త నిర్వచనంలో మ్యూజియం అందరికీ అందుబాటులో ఉండాలనీ, సమాజాల భాగస్వామ్యంతో నడవాలనీ స్పష్టంగా ఉంది. మనకైతే అంత దూరం కూడా పోనక్కర్లేదు, బోధిసిరి శాసనం చదువుకుంటే చాలు.

అందుబాటు విషయానికొస్తే కష్టం కళ్లముందే ఉంది. మ్యూజియానికి లాంచీ తప్ప దారి లేదు. వరద పోటెత్తితే లాంచీలు ఆగిపోతాయి. వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి రేవులో లాంచీ ఎక్కడం ఒక పరీక్ష, దిగడం ఇంకో పరీక్ష, అక్కడి నుంచి మ్యూజియం దాకా వెళ్లడం మూడోది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు "మీరు చూసి రండి" అని ఒడ్డునే కూర్చుంటారు. కూలి పనికి పోయే కుటుంబానికి లాంచీ టికెట్, ఒక రోజు కూలి, పిల్లల తిండి కలిపితే అది చిన్న ఖర్చు కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజా స్థలాలన్నీ అందుబాటులో ఉండాలంటుంది. ద్వీపం కాబట్టి కుదరదనడం సమాధానం కాదు. లాంచీకీ రేవుకీ మధ్య చక్రాలు దొర్లే వెడల్పాటి పలక, పట్టుకోవడానికి కమ్మీలు, పైకి తీసుకెళ్లడానికి బ్యాటరీ బండి... వీటిలో ఏదీ డ్యామ్ కట్టినంత పని కాదు.

ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లో "అనుభవ్" పేరుతో చూపు లేనివాళ్లు చేత్తో తడిమి తెలుసుకునే గ్యాలరీ పెట్టింది. ప్రసిద్ధ శిల్పాలకు, వస్తువులకు 22 నకళ్లు చేయించి బ్రెయిలీ వివరాలు, ఆడియో జోడించారు. నాగార్జునకొండ శిల్పానికి ఇది ఎంత బాగా సరిపోతుందో! ఇక్కడి ఫలకాలు ఉబ్బెత్తు చెక్కడాలు, కథను వరుసగా చెప్పుకుంటూ పోతాయి. సిద్ధార్థుడు ఇల్లు విడిచిన ఘట్టాన్ని వేళ్లతో చదవగలిగితే చూపు లేని పిల్లలకే కాదు, మనందరికీ ఆ శిల్పి చేతి పట్టు ఇంకో రకంగా తెలుస్తుంది. నకలు చేయిస్తే అసలుకు నష్టం లేదు. పైగా నకలు లాంచీ ఎక్కి ఒడ్డుకు రాగలదు. మాచర్ల, పిడుగురాళ్ల బడులకు, లంబాడీ తండాలకు, నల్లమల చెంచు గూడేలకు తిరగగలదు. జనం కొండ ఎక్కలేనప్పుడు మ్యూజియమే కొండ దిగాలి.

వివరాల బోర్డుల గురించి ఒక మాట. "ఆయక స్తంభం, సున్నపురాయి, క్రీ.శ. 3వ శతాబ్దం" అని తెలుగులో రాసినంత మాత్రాన తెలుగువాడికి చెప్పినట్టు కాదు. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఏం కోరుకున్నారు అనేవి ఆ రాతి మీదే ఉన్నాయి. నాలుగు వాక్యాల్లో రాస్తే తొమ్మిదో తరగతి పాప తన పక్కనున్న అమ్మమ్మకు చదివి వినిపిస్తుంది. బడిపిల్లలను తీసుకొచ్చే టీచర్లకు కూడా అదే కావాలి. ఎవరికి తెలుసు, వాళ్లలో ఇంకో వెంకటరామయ్య మాస్టారు ఉండొచ్చు.

ఈలోగా ఎడమగట్టున తెలంగాణ ప్రభుత్వం 274 ఎకరాల్లో బుద్ధవనం అనే బౌద్ధ పార్కు కట్టి 2022 మేలో ప్రారంభించింది. రోడ్డు మీదే ఉంది, చూడటానికి అందంగా ఉంది, జనం వెళుతున్నారు. నాకు సంతోషమే. అసలు శిల్పాలు నీటి మధ్య ఉండిపోయి, కొత్తగా చేసినవి రోడ్డు పక్కన ఉన్నాయి కాబట్టి రెండూ ఒకదానికొకటి తోడైతే ఎంత బాగుంటుంది. కొండ ఆంధ్రలో ఉంది, బుద్ధవనం తెలంగాణలో ఉంది, మ్యూజియం కేంద్రం చేతిలో ఉంది. మూడు ప్రభుత్వాలు ఒక ఉమ్మడి టికెట్ గురించీ, ఒడ్డున ఒక నకళ్ల గ్యాలరీ గురించీ మాట్లాడుకోలేవా? కృష్ణా నీళ్ల వాటాల మీద ఎన్నిసార్లు కూర్చోలేదు!

వీటన్నిటికీ కొంత డబ్బు, కొంత ఓపిక కావాలి, వచ్చే ఏడాది చేసినా నడుస్తుంది. వచ్చే ఏడాదికి వాయిదా వేయకూడనిది ఒకటుంది. శంకుస్థాపన నాటికి పదేళ్లున్న పిల్లలు ఇప్పుడు ఎనభై దాటారు. మునిగిన ఊళ్ల పేర్లు, వీధులు, జాతర్లు, తవ్వకాల్లో వాళ్ల నాన్నలు ఏం చూశారన్నదీ వాళ్ల నోట్లోనే ఉన్నాయి. ఒక రికార్డర్, చరిత్ర చదివే నలుగురు విద్యార్థులు, మ్యూజియం నుంచి ఒక అనుమతి పత్రం ఉంటే పని మొదలవుతుంది. మాచర్ల చుట్టుపక్కల పునరావాస గ్రామాలకు ఈ వేసవిలోనే వెళ్లాలి. నవంబర్‌లో వచ్చే వారసత్వ వారోత్సవాల నాటికి ఆ గొంతులను లోయ నమూనా పక్కన వినిపించాలి. ఆ రోజు మొదటి లాంచీలో వాళ్లనే టికెట్ లేకుండా తీసుకెళ్లాలి.